ఉక్కు ప్యాకేజీ నుంచి నిరుద్యోగ రేటు దాకా: పార్లమెంటు ముందుకొచ్చే అంకెలు ఎలా చదవాలి?

2025 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగారానికి కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించింది. అంతకు నాలుగు నెలల ముందు, 2024 సెప్టెంబరులో, 1,640 కోట్లు ఇచ్చింది. రెండూ కలిపితే 13,080 కోట్లు అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ లెక్క అలా రాదు. సెప్టెంబరు సొమ్ములో 500 కోట్లు వాటా మూలధనం, మిగతా 1,140 కోట్లు రోజువారీ నిర్వహణ కోసం ఇచ్చిన అప్పు. జనవరి ప్యాకేజీలో కొత్త వాటా మూలధనం 10,300 కోట్లు. పైన ఉన్న 1,140 కోట్లు కొత్తవి కావు. సెప్టెంబరులో ఇచ్చిన అప్పునే, పదేళ్ల తర్వాత తీర్చాల్సిన 7 శాతం ప్రాధాన్య వాటాలుగా మార్చారు. ఒకే సొమ్ము రెండు ప్రకటనల్లో కనబడింది. దాన్ని ఒక్కసారే లెక్కేస్తే మొత్తం 11,940 కోట్లు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు ప్రకటనలూ దేనికది నిజమే. పార్లమెంటుకు వచ్చే అంకెల్లో చాలావరకు ఇదే తంతు. సభలో తప్పుడు అంకె చెబితే సభాహక్కుల నోటీసు మెడకు చుట్టుకుంటుంది కాబట్టి శాఖలు ఆ తప్పు సాధారణంగా చేయవు. అంకె ఏ పుస్తకంలోది, ఏ తేదీ నాటిది, ఎవరిని కలిపింది, ఎవరిని వదిలేసింది అన్న చోటే మనం బోల్తా పడతాం. ఖర్చు లెక్కలకూ కొలువుల లెక్కలకూ ఇది సమానంగా వర్తిస్తుంది. ముందు ఖర్చు సంగతి చూద్దాం.

ఒకే పద్దు, నాలుగు గళ్లు

ఏటా ఫిబ్రవరి 1న బడ్జెట్ పెడతారు (2017కు ముందు నెలాఖరులో పెట్టేవారు). దాంతోపాటే ప్రతి శాఖ తన ఖర్చుకు అనుమతి కోరే గ్రాంటు డిమాండ్లు లోక్‌సభ ముందుకొస్తాయి. రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం వీటి మీద ఓటు వేసే హక్కు లోక్‌సభదే. రాజ్యసభ చర్చించగలదు, అంతే. వడ్డీ చెల్లింపుల లాంటి ఖర్చులు నేరుగా సంచిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి పోతాయి, వాటికి ఓటే ఉండదు.

ఏ పద్దు తీసినా నాలుగు గళ్లు ఉంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, రాబోయే ఏడాది బడ్జెట్ అంచనా. పెంపు, కోత అంటూ వచ్చే వాదనల్లో సగం ఈ గళ్ల మధ్య గెంతడమే. ఉపాధి హామీ పథకం అంకెలు చూడండి. 2022-23లో బడ్జెట్ అంచనా 73,000 కోట్లు, సవరించిన అంచనా 89,400 కోట్లు. 2023-24కు 60,000 కోట్లు పెట్టారు. బడ్జెట్‌తో బడ్జెట్ పోలిస్తే కోత 18 శాతం. సవరించిన అంచనాతో పోలిస్తే 33 శాతం. ఏడాది తిరిగేలోపు ఆ 60,000 కాస్తా 86,000 కోట్లయింది. 2024-25కు మళ్లీ 86,000 కోట్లే పెట్టారు. ‘43 శాతం పెంచాం’ అన్న మాటా నిజమే, ‘పైసా పెంచలేదు’ అన్న మాటా నిజమే.

నా మటుకు వాస్తవ ఖర్చుతో వాస్తవ ఖర్చు పోల్చడమే నమ్మదగిన పద్ధతి. కాకపోతే ఆ అంకె రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి చర్చ చల్లారిపోతుంది. మధ్యలో ఓ ఆసరా ఉంది. కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ ప్రతి నెలా, అంతకు ముందు నెల వరకు ఎంత ఖర్చయిందో, అది బడ్జెట్ అంచనాలో ఎంత శాతమో బయటపెడుతుంది. డిసెంబరు నాటికి ఒక శాఖ 40 శాతం దగ్గర ఆగిపోయిందంటే మార్చిలో ఏదో ఒక హడావుడి ఖాయం. ఆర్థిక శాఖ దీనికి కళ్లెం వేస్తూ చివరి త్రైమాసికంలో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించకూడదని పరిమితులు పెట్టింది. మార్చి 31కి కొన్ని రోజుల ముందు కార్యాలయాల్లో కొత్త కంప్యూటర్లు, ఫర్నిచర్ ఎందుకు దిగుతాయో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

పద్దు కోడు కూడా ఒకసారి చూసుకోవాలి. నాలుగంకెల ప్రధాన పద్దు 2తో గానీ 3తో గానీ మొదలైతే రెవెన్యూ ఖర్చు. 4, 5 అయితే మూలధన వ్యయం. 6, 7 అయితే అప్పులు. ఉక్కు పరిశ్రమకు ప్రభుత్వం వాటా పెడితే 4852 కింద, అప్పు ఇస్తే 6852 కింద వస్తుంది. మొదట్లో చెప్పుకున్న 1,140 కోట్లు ఆ రెండో వరస నుంచి మొదటి వరసకు మారినవే.

ఖర్చయింది అంటే ఎవరి చేతికి?

పుస్తకంలో ‘వాస్తవ ఖర్చు’ అన్న గడి కింద ఉన్న మొత్తం, చాలా పథకాల్లో, ఢిల్లీ నుంచి విడుదలైన సొమ్ము. అది రాష్ట్రంలో పథకాన్ని నడిపే నోడల్ సంస్థ బ్యాంకు ఖాతాలో కదలకుండా పడి ఉన్నా కేంద్రం లెక్కలో ఖర్చయినట్టే. ఈ బెడద తగ్గించడానికే 2021 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాల్లో ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతా ఉండాలన్న నిబంధన తెచ్చారు. దాంతో ఎక్కడ ఎంత ఆగిందో కనీసం కనబడుతోంది. పని జరిగిందనడానికి ఆధారం వినియోగ ధ్రువపత్రం. అది రాకపోతే తర్వాతి విడత ఆగుతుంది, తర్వాతి విడత ఆగితే కాంట్రాక్టరు బిల్లు ఆగుతుంది. ఇటు రాష్ట్రం ‘కేంద్రం నిధులివ్వలేదు’ అంటుంది, అటు కేంద్రం ‘ఇచ్చినవే ఖర్చు పెట్టలేదు’ అంటుంది. కాబట్టి ఒక పథకం గురించి అడిగేటప్పుడు కేటాయింపు, విడుదల, వినియోగం, ఖాతాలో మిగులు అని నాలుగూ విడివిడిగా అడగాలి. మూడే అడిగితే నాలుగోది చెప్పరు.

రైల్వేలో ఈ మెలిక ఇంకో రూపంలో ఉంటుంది. జోన్ల వారీగా పనులు, కేటాయింపులు చూపే పుస్తకాన్ని పింక్ బుక్ అంటారు. మంజూరైన పని పక్కన ఒక్కోసారి వెయ్యి రూపాయలు కనబడుతుంది. అది అచ్చు తప్పు కాదు, పనిని జాబితాలో బతికించి ఉంచే నామమాత్రపు కేటాయింపు. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. విశాఖలో దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. నడుమ ఆరేళ్లు ఈ ఊరి జనం బడ్జెట్ రోజున చూస్తూ వచ్చింది ‘జోన్ ఉందా లేదా’ అన్నదే. చూడాల్సింది ఆ పని పక్కన ఎంత రాశారన్నది.

అసలు తనిఖీ గదిలో జరుగుతుంది

బడ్జెట్ పెట్టాక సమావేశాలకు కొన్ని వారాల విరామం ఇస్తారు. ఆ విరామంలోనే శాఖల వారీ స్థాయీ సంఘాలు గ్రాంటు డిమాండ్లను పరిశీలిస్తాయి. ఇవి 1993లో 17తో మొదలై 2004లో 24 అయ్యాయి. ఒక్కో దానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు సభ్యులుగా ఉండరు, సాక్ష్యం చెప్పడానికీ రారు. వచ్చేది శాఖ కార్యదర్శి, ఆయన వెనుక ఆర్థిక సలహాదారు, ఫైళ్లు మోసుకొచ్చే బృందం.

సంఘం ముందుగా ఒక ప్రశ్నావళి పంపుతుంది, శాఖ రాతపూర్వకంగా జవాబిస్తుంది. తర్వాత మౌఖిక విచారణ, దాని మీద మళ్లీ అనుబంధ ప్రశ్నలు. విలేకరులకు లోపలికి ప్రవేశం లేదు. అందుకే అరుపులూ ఉండవు. ‘గతేడాది ఇంత అడిగారు, ఇంతే వాడారు, మళ్లీ ఇంకా ఎక్కువ ఎందుకు అడుగుతున్నారు?’ అన్న ప్రశ్నకు కార్యదర్శి ఇచ్చిన జవాబు యథాతథంగా నివేదికలో అచ్చవుతుంది. టీవీలో కనిపించే ప్రశ్నోత్తరాల గంట కంటే ఈ నివేదికలో దొరికే సరుకు పదింతలు.

తర్వాత సభలో చర్చకు కొన్ని శాఖలనే ఎంచుకుంటారు. గడువు రాగానే మిగిలిన డిమాండ్లన్నీ ఒక్క దెబ్బకు ఓటుకు పెట్టేస్తారు. దీన్ని గిలటిన్ అంటారు. 2018లోనూ 2023లోనూ ఒక్క శాఖ మీద కూడా చర్చ లేకుండా మొత్తం బడ్జెట్ ఇలాగే నిమిషాల్లో ఆమోదం పొందింది. అలాంటి ఏడాదిలో స్థాయీ సంఘం నివేదిక తప్ప తనిఖీ జరిగిందనడానికి వేరే ఆధారం ఉండదు.

ఖర్చయిపోయాక వంతు ప్రజా పద్దుల సంఘానిది (పీఏసీ). 22 మంది సభ్యులు. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ని అధ్యక్షుడిగా పెట్టే ఆనవాయితీ ఉంది. కాగ్ నివేదికే దీనికి ముడిసరుకు. ఒక గ్రాంటులో 100 కోట్లు, అంతకు మించి మిగిలిపోతే శాఖ ఈ సంఘానికి సంజాయిషీ రాసివ్వాలి. మిగులు అంటే పొదుపు చేశారనుకునేరు. ఎక్కువసార్లు పని జరగలేదని అర్థం.

రాష్ట్రంలోనూ ఇదే సంఘం ఉంది. 2019-24 మధ్య ఏపీ శాసనసభలో ప్రతిపక్షం తరఫున పీఏసీ అధ్యక్షుడిగా ఉన్న పయ్యావుల కేశవ్ 2024లో ఆర్థిక మంత్రి అయ్యారు. లెక్క అడిగే కుర్చీ నుంచి లెక్క చెప్పే కుర్చీకి మారడమన్నమాట. 2024-25లో రాష్ట్రం ఓటాన్ అకౌంట్‌తో (కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక అనుమతి), తర్వాత ఆర్డినెన్సుతో నెట్టుకొచ్చి నవంబరు 11న గానీ పూర్తి బడ్జెట్ పెట్టలేదు. ఆ ఏడాది ‘బడ్జెట్‌లో ఇంత శాతమే ఖర్చు’ అని ఎవరైనా పోలిస్తే ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

కొలువుల లెక్క ఐదు సంఘాల మధ్య చీలిపోతుంది

ఖర్చుకు కనీసం ఒక పుస్తకం ఉంది. ఉద్యోగాలకు అదీ లేదు. నిరుద్యోగ రేటు ఇచ్చే జాతీయ గణాంక కార్యాలయం గణాంకాల శాఖ కింద ఉంటుంది, దాన్ని ఆర్థిక స్థాయీ సంఘం చూస్తుంది. ఉపాధి పథకాలు కార్మిక శాఖవి, వాటికి కార్మిక, జౌళి, నైపుణ్యాభివృద్ధి సంఘం. కేంద్ర ప్రభుత్వ కొలువుల నియామకాలు సిబ్బంది శాఖవి, వాటికి సిబ్బంది, న్యాయశాఖల సంఘం. విశాఖ ఉక్కు ఉద్యోగాలైతే బొగ్గు, గనులు, ఉక్కు సంఘానికి పోతాయి. రైల్వేకు మళ్లీ వేరే సంఘం. 2024లో దానికి అనకాపల్లి ఎంపీ సీఎం రమేశ్ అధ్యక్షుడయ్యారు. ‘మా పిల్లలకు ఉద్యోగాలేవి?’ అన్న ఒక్క ప్రశ్న ఇన్ని గుమ్మాలు ఎక్కాలి. ప్రతి గుమ్మంలోనూ ‘ఆ భాగం మాది కాదు’ అనే వీలుంది.

విశాఖకు ఇందులో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఊరని ఈ నగరానికి పేరు. కానీ పార్లమెంటులో చెప్పే ‘కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు’ అన్న అంకెలో ఉక్కు కర్మాగారం ఉండదు, షిప్‌యార్డు ఉండదు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉండదు, పోర్టు అథారిటీ ఉండదు. ప్రభుత్వరంగ కంపెనీలు, స్వయంప్రతిపత్తి సంస్థలు ఆ లెక్కకు బయటివి. రైల్వే, నేవల్ డాక్‌యార్డులో పనిచేసే పౌర సిబ్బంది, పోస్టాఫీసు, ఆదాయపు పన్ను, కస్టమ్స్ లాంటి శాఖలు మాత్రం అందులోకి వస్తాయి. ఉక్కు ఉద్యోగుల జీతాలు కంపెనీ రాబడి నుంచి పోతాయి కాబట్టి ఉక్కు శాఖ గ్రాంటులో అవి ఎక్కడా కనబడవు. కర్మాగారంలో వేలమంది తగ్గినా బడ్జెట్ పుస్తకంలో ఒక్క అక్షరం మారదు. అక్కడ తొంగిచూడాలంటే కంపెనీ వార్షిక నివేదిక, కాగ్ వాణిజ్య ఆడిట్, ప్రభుత్వరంగ సంస్థల పార్లమెంటరీ సంఘం, ఈ మూడూ ప్రధాన దారులు.

ఇక శాఖల్లో ఖాళీల సంగతి. 2021 మార్చి 1 నాటికి కేంద్రంలో మంజూరైన పోస్టులు 40.35 లక్షలు, పనిచేస్తున్నవారు 30.56 లక్షలు, ఖాళీలు 9.79 లక్షలు అని ప్రభుత్వం సభలో చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది తేదీ. 2023 మొదట్లో అడిగినా జవాబు 2021 నాటిదే వచ్చేది, ఎందుకంటే వ్యయ విభాగం జీతభత్యాల వార్షిక నివేదిక అప్పటికి అక్కడే ఉంది. బడ్జెట్‌తో పాటు వచ్చే వ్యయ వివరాల పుస్తకంలో ఒక్కో శాఖ సిబ్బంది సంఖ్య కూడా ఉంటుంది. అందులో రాబోయే మార్చి 1 అంకె అంచనా మాత్రమే. దాన్ని పట్టుకుని ‘ఇన్ని లక్షల కొత్త ఉద్యోగాలు’ అని శీర్షికలు పెట్టేవారు ఏటా ఉంటారు.

2022 జులైలో లోక్‌సభకు వచ్చిన ఇంకో జవాబు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది: 2014 నుంచి కేంద్ర కొలువులకు 22.05 కోట్ల దరఖాస్తులు రాగా 7.22 లక్షల మందిని నియామకానికి సిఫార్సు చేశారు. అంకె సరైనదే. కానీ అవి దరఖాస్తులు, మనుషులు కారు. విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లో ఒకే కుర్రాడు రైల్వేకీ, స్టాఫ్ సెలక్షన్‌కీ, పోస్టల్‌కీ కలిపి ఏడాదిలో అరడజను ఫారాలు నింపుతాడు. ఆ లెక్కలో అతను ఆరుగురు. అలాగే సిఫార్సు అయినవారంతా చేరినవారు కారు. రెండు ఉద్యోగాలు వచ్చినవాడు ఒకదాంట్లోనే చేరతాడు, రెండోది మళ్లీ ఖాళీయే.

అవుట్‌సోర్సింగ్ సిబ్బందిది మరో కథ. వారికి ఇచ్చే డబ్బు ‘జీతాలు’ అన్న పద్దు నుంచి కాకుండా కార్యాలయ ఖర్చులు, వృత్తిపరమైన సేవలు లాంటి పద్దుల నుంచి ఏజెన్సీకి పోతుంది. కాబట్టి సిబ్బంది సంఖ్యలో వారు ఉండరు. ఒక శాఖలో జీతాల పద్దు నిలకడగా ఉండి, ఈ పద్దులు ఏటా ఉబ్బుతూ పోతున్నాయంటే శాశ్వత పోస్టు స్థానంలో కాంట్రాక్టు మనిషి వచ్చాడని అనుమానించాలి. ఖర్చు పుస్తకం చూసి కొలువుల కథ కనిపెట్టే చోటు ఇది. ఏ మంత్రి జవాబులోనూ ఇంత సూటిగా దొరకదు.

సర్వేయరు గుమ్మంలో నిలబడితే

దేశం నిరుద్యోగ రేటు వచ్చేది ఆవర్తన శ్రామిక శక్తి సర్వే నుంచి. దీన్ని పీఎల్‌ఎఫ్‌ఎస్ అంటారు. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. గాజువాకలో ఒక ఇల్లు ఊహించుకుందాం. సర్వేయరు వచ్చి ఒక్కొక్కరికీ ఒక కోడు వేస్తాడు.

తండ్రి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. పని పోయి పది నెలలైంది, వెతుకుతూనే ఉన్నాడు. అంతకు ముందు రెండు నెలలు పనిచేశాడు. తల్లి పొద్దున్నే ఇంటి ముందు ఇడ్లీ బండి పెడుతుంది, కోడు 11, సొంత పని. కూతురు ఆ బండి దగ్గర పిండి రుబ్బి, గిన్నెలు కడుగుతుంది, ఎవరూ ఆమెకు జీతం ఇవ్వరు. కోడు 21, జీతం లేని సహాయకురాలు, లెక్కల్లో ఉద్యోగస్తురాలే. కొడుకు గ్రూప్-2కు చదువుతున్నాడు. ‘ఏదైనా పని దొరికితే చేస్తావా?’ అంటే ‘చేస్తా’ అని చెబితే కోడు 81, నిరుద్యోగి. ‘పరీక్ష అయ్యేదాకా చేయను’ అంటే శ్రామిక శక్తిలోనే లేడు. ఒక్క మాటతో నిరుద్యోగ రేటు మారిపోతుంది.

తండ్రి సంగతి ఇంకా తమాషా. ఏడాది మొత్తం చూసే పద్ధతిలో, ఎక్కువ కాలం నిరుద్యోగిగా ఉన్నా 30 రోజులకు తక్కువ కాకుండా ఏ పనైనా చేసి ఉంటే ఉద్యోగిగానే లెక్క. రెండు నెలలు చేశాడు కాబట్టి అతను ఉద్యోగి. వారం చూసే పద్ధతిలో, గత ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పనిచేస్తే ఉద్యోగి. ఆ వారం పని లేకపోతే నిరుద్యోగి. ఒకే మనిషి, ఒకే గుమ్మం, రెండు జవాబులు.

2023-24లో 15 ఏళ్లు పైబడినవారిలో నిరుద్యోగ రేటు ఏడాది పద్ధతిలో 3.2 శాతం, వారం పద్ధతిలో 4.9 శాతం ఉండటానికి కారణం ఇదే. 2025 మే 15న మొట్టమొదటిసారి నెలవారీ అంకె విడుదలైంది: ఏప్రిల్‌కు 5.1 శాతం. అది వారం పద్ధతిలో తీసినది. దాన్ని 3.2 పక్కన పెట్టి ‘నిరుద్యోగం పెరిగిపోయింది’ అని రాస్తే తప్పే. 3.2ను 2017-18 నాటి 6.0 పక్కన పెట్టొచ్చు, పద్ధతి ఒకటే. కానీ అక్కడితో ఆగితే కథ సగమే తెలుస్తుంది. ఆ కాలంలోనే పనిచేసేవారిలో స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది, నెలజీతం వాటా 22.8 నుంచి 21.7కు తగ్గింది. ఇడ్లీ బండ్లు పెరిగాయి, నెలజీతం వాటా తగ్గింది. రేటు ఒక్కటే అడిగిన సభ్యుడికి రేటు ఒక్కటే వస్తుంది. వాటాలు అడిగినవాడికి సంగతి తెలుస్తుంది.

జిల్లా అంకె అడిగేవారు ఇంకో విషయం చూసుకోవాలి. 2025 జనవరి నుంచి సర్వేలో జిల్లానే నమూనా ఎంపికకు ఆధారం చేశారు, ఏడాదికి కుటుంబాల సంఖ్యను సుమారు 2.72 లక్షలకు పెంచారు. అంతమాత్రాన నెలనెలా విశాఖపట్నం రేటు దొరుకుతుందని కాదు. ఒక్క జిల్లాకు ఒక నెలలో పడే కుటుంబాలు చాలా తక్కువ, అంకె అటూ ఇటూ ఊగిపోతుంది. పైగా 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా మూడు ముక్కలైంది. 2011 జనగణనలో 42.9 లక్షల జనాభా ఉన్న జిల్లా సుమారు 19.6 లక్షలకు వచ్చింది. అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ అనకాపల్లి జిల్లాకు పోయాయి. 2022కు ముందు విశాఖ జిల్లా పారిశ్రామిక ఉపాధినీ, తర్వాతి అంకెనూ పక్కపక్కన పెడితే ఫ్యాక్టరీలు మూతపడ్డాయేమో అన్నంత తేడా కనబడుతుంది.

మంత్రుల నోట తరచూ వినబడే 17.19 కోట్ల కొత్త ఉద్యోగాలు (2014-24) పీఎల్‌ఎఫ్‌ఎస్ నుంచి నేరుగా వచ్చినవి కావు. అవి రిజర్వు బ్యాంకు క్లెమ్స్ డేటావి (పరిశ్రమల వారీగా ఉత్పాదకత, ఉపాధి అంచనాలు). సర్వేలో పనిచేసేవారి శాతాన్ని జనాభా అంచనాతో గుణించి తయారు చేసినవి. ఇడ్లీ బండి దగ్గర జీతం లేకుండా పనిచేసే కూతురు అందులోనూ ఉంటుంది.

పీఎఫ్ అంకెలో ఏముంది

ప్రతి నెలా ఇన్ని లక్షల కొత్త ఉద్యోగాలంటూ ఈపీఎఫ్‌వో (ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ) అంకెలు వస్తాయి. నికర చేరిక అంటే కొత్త సభ్యులు, వెళ్లిపోయి తిరిగి చేరినవారు కలిపి, మానేసినవారిని తీసేయగా మిగిలింది. 19 మందితో నడిచే వర్క్‌షాపు ఇరవయ్యో మనిషిని పెట్టుకుని పీఎఫ్ చట్టం కిందికి వస్తే ఇరవై మందీ ఆ నెల కొత్తవారే. అది మంచి మార్పే, వారికి పీఎఫ్ వచ్చింది. కొత్తగా పుట్టింది మాత్రం ఒక్క ఉద్యోగం.

విశాఖలో కాంట్రాక్టు కార్మికులకు జరిగేది ఇంకోటి. ప్లాంటులో కాంట్రాక్టరు మారితే అదే మనిషి అదే యంత్రం దగ్గర ఉన్నా పాత సంస్థ నుంచి ‘మానేసినవాడు’, కొత్త సంస్థలో ‘తిరిగి చేరినవాడు’ అవుతాడు. నికర లెక్కలో కొట్టుకుపోతుంది. కానీ కొత్త కాంట్రాక్టరు పాత యూఏఎన్ నంబరు (ఎక్కడ పనిచేసినా మారని పీఎఫ్ సభ్యత్వ సంఖ్య) కలపకుండా కొత్తది తీస్తే అతను పూర్తిగా కొత్త సభ్యుడు. రాష్ట్రాల వారీ అంకె కూడా సంస్థ ఏ పీఎఫ్ కోడు కింద రిటర్ను వేస్తే ఆ రాష్ట్రం ఖాతాలో పడుతుంది. ముంబయి కోడు మీద నడిచే కంపెనీకి అచ్యుతాపురంలో పనిచేసేవాడు మహారాష్ట్ర లెక్కలో ఉండొచ్చు.

ఈ పీఎఫ్ అంకెల మీదే ఇప్పుడు ఖజానా డబ్బు కూడా నడుస్తోంది కాబట్టి తనిఖీ ఇంకా గట్టిగా ఉండాలి. 2024 జులై బడ్జెట్‌లో కొత్త ఉపాధి ప్రోత్సాహకానికి 10,000 కోట్లు పెట్టారు. మంత్రివర్గం పథకాన్ని ఆమోదించింది 2025 జులై 1న, అంటే ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన పేరుతో 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది: మొత్తం 99,446 కోట్లు, లక్ష్యం 3.5 కోట్ల ఉద్యోగాలు. తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఒక నెల వేతనం 15,000 మించకుండా రెండు విడతల్లో, యజమానికి ఒక్కో అదనపు ఉద్యోగికి నెలకు 3,000 దాకా. యాభై మందిలోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, అంతకు మించిన సంస్థ ఐదుగురిని అదనంగా తీసుకోవాలి, ఆరు నెలలు ఉంచాలి. ఎలాగూ తీసుకునే మనుషులకే డబ్బిస్తున్నామా, నిజంగా అదనంగా పుట్టినవెన్ని? కార్మిక స్థాయీ సంఘం ఏటా అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే చాలు. సభ్యుల సంఖ్య చూపిస్తే ఒప్పుకోకూడదు, ప్రోత్సాహకం తీసుకున్న సంస్థల్లో పథకానికి ముందు సిబ్బంది సంఖ్య పక్కన పెట్టి చూపమనాలి.

ఎంపీ చేత ప్రశ్న అడిగించాలంటే

యూనియన్లు, పౌర సంఘాలు, విలేకరులు ప్రశ్న రాసి ఎంపీ కార్యాలయానికి ఇవ్వొచ్చు, తప్పేమీ లేదు. డబ్బు తీసుకుని అడిగితేనే తప్పు, 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలు అందుకే బహిష్కరణకు గురయ్యారు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న 150 పదాలు మించకూడదు. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబిచ్చేవి) 20, గుర్తు లేనివి (రాతలో జవాబిచ్చేవి) 230. అంకెల పట్టిక కావాలంటే గుర్తు లేని ప్రశ్నే మేలు. సభలో నిలబెట్టి అనుబంధ ప్రశ్న వేయాలనుకుంటేనే నక్షత్రం వెంట పడాలి.

‘విశాఖలో నిరుద్యోగం ఎంత, ప్రభుత్వం ఏం చేస్తోంది?’ అని రాస్తే రెండు పేజీల పథకాల జాబితా వస్తుంది. ఉక్కు శాఖను ఇలా అడగాలి: 2021 నుంచి ఏటా మార్చి 31 నాటికి కర్మాగారంలో మంజూరైన పోస్టులు, పనిచేస్తున్న శాశ్వత ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవారు, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారు, కాంట్రాక్టు కార్మికులు ఎంతమంది, జీతాలకు ఎంత, కాంట్రాక్టర్లకు ఎంత, ప్యాకేజీలో విడుదలైన మొత్తం తేదీల వారీగా ఎంత, దేనికి వాడారు. తేదీ, విభజన, కాలం, ఈ మూడూ ప్రశ్నలోనే ఉంటే తప్పించుకునే సందు తగ్గుతుంది. కాంట్రాక్టు కార్మికుల విషయంలో ‘కార్మిక అంశం రాష్ట్రాలది’ అన్న జవాబు వస్తే సరిపుచ్చుకోవద్దు. ఉక్కు కర్మాగారం కేంద్ర పరిధి సంస్థ, దాని కార్మిక వివాదాలు కేంద్ర కార్మిక కమిషనర్ వ్యవస్థ చూస్తుంది.

‘అలాంటి వివరాలు నిర్వహించడం లేదు’ అన్న జవాబూ ఉంటుంది. లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కార్మికుల గురించి 2020 సెప్టెంబరులో కార్మిక శాఖ లోక్‌సభకు ఇదే చెప్పింది. దానికి మందు లేదు. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అంటే మాత్రం అది హామీ కింద నమోదవుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, ప్రభుత్వ హామీల సంఘం వెంటపడుతుంది. ప్రశ్న తేదీ, నంబరు రాసి పెట్టుకుని పార్లమెంటు వెబ్‌సైట్ సంసద్ డాట్ ఇన్‌లో ఆ హామీ తీరిందో లేదో చూసుకోవచ్చు.

స్థాయీ సంఘం సిఫార్సులకూ ఇలాంటి గడువే: మూడు నెలల్లో శాఖ జవాబివ్వాలి, ఆ మీదట సంఘం చర్యా నివేదిక వెలువరిస్తుంది. అందులో ఐదు అధ్యాయాలుంటాయి. రెండోది ప్రభుత్వం ఒప్పుకున్నవి, మూడోది సంఘమే వదిలేసినవి. సమయం లేకపోతే నేరుగా నాలుగు, ఐదు అధ్యాయాలు తెరవండి. నాలుగోదాంట్లో శాఖ జవాబు సంఘానికి నచ్చక మళ్లీ అడిగినవి, ఐదోదాంట్లో ఇంకా తుది జవాబే రానివి ఉంటాయి.